చెల్లెలి కోసం చేసిన కత్తి

బిస్కెట్లన్నీ ఒకే కొలతలో కనిపిస్తే అదేదో మిషన్ మహిమ అనుకుంటాం. మహిమా లేదు, మన్నూ లేదు. ఒక ఊరి బేకరీ బిస్కెట్లకి అంత చక్కటి చదరం రావడానికి కారణం ఒక పిల్ల బొటనవేలు నలగడం.

అక్కడ ఆడవాళ్లు పిండిని బల్ల మీద పలచగా పరిచి, చాకులతో ముక్కలు కోసి ట్రేల్లో పేర్చేవాళ్లు. సాయంత్రం అందరికన్నా ఆఖర్న ట్రే నింపినవాళ్లు మర్నాడు పనిలోకి రానక్కర్లేదు. యజమాని ఈ మాట నవ్వుతూనే చెప్పేవాడు, నవ్వుతూనే పంపేసేవాడు.

ఇద్దరు అక్కాచెల్లెళ్లది ఆ బల్ల దగ్గరే పని. తల్లి పోయాక చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది అక్కే. ఆ పిల్ల కుడి చేతి బొటనవేలు ఓవెన్ తలుపులో పడి నుజ్జయింది. చాకు పట్టు చిక్కడం లేదు. అక్క తను నింపిన ట్రేలు గుట్టుగా చెల్లెలి వైపు జరుపుతూ నెట్టుకొచ్చింది. యజమాని కనిపెట్టేశాడు.

"ఆ ప్రేమలేవో ఇంటి దగ్గర చూపించుకోండమ్మా" అన్నాడు.

అక్కకి ఒళ్లు మండింది. పాత నూనె డబ్బా రేకుని బద్దలుగా కత్తిరించి, అంచులు రాతి మీద నూరి, ఒక చెక్కకి వరసగా, సమానమైన ఎడంతో బిగించింది. పిండి మీద నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి అరచేత్తో నొక్కితే చాలు, ముక్కలు తెగిపోతాయి. బొటనవేలితో పనే లేదు.

మర్నాడు చెల్లెలు అందరికన్నా ముందు ట్రేలు నింపేసింది. అక్క సంతోషం పట్టలేకపోయింది.

యజమాని ఆ చెక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరి బుర్ర ఇది?"

"నాదేనండీ" అంది అక్క, మొహం చేటంత చేసుకుని.

"బంగారంలాంటి బుర్ర! ఇక ఈ బల్లకి ఒక్కరు చాలు. నొక్కడమేగా? చెయ్యి బాగాలేని పిల్ల సగం జీతానికే చేస్తుంది. ఏమ్మా, చేస్తావా?"

తను లేకుండా చెల్లెలు చెయ్యనంటుందిలే అనుకుంది అక్క. చెల్లెలు తలూపింది.

మిగతా ఆడవాళ్లు చీర కొంగులు దులుపుకుంటూ లేచారు.

"నీ తెలివి తగలెయ్య! మా నోటి దగ్గర కూడు లాగేశావు కదే" అని తిట్టిపోసి వెళ్లారు. అక్క మాత్రం గుమ్మం దగ్గర నిలబడిపోయింది. చెల్లెలు ఒక్క మాట, 'పోనీలే అక్కా' అన్నా చాలు, ఆ యజమాని పాపం ఆయనకే వదిలేసి వెళ్లిపోయేది.

చెల్లెలు తలెత్తలేదు. రేకు కత్తి నొక్కుతూనే అంది:

"ఆ తలుపు వేసి వెళ్లక్కా, పిండి ఆరిపోతోంది."