బెరకు గింజలు

మా విత్తన నిల్వశాలలో మసూరు గింజలు ఏరేది పెద్దక్క. రంగు తేడాగా ఉన్న బెరకు గింజ ఒక్కటి కూడా ఆవిడ చేట దాటిపోలేదు. దస్త్రాలు రాసే నన్ను, "ఒరే కోపిష్టీ, నీ మొహం చూస్తే మొలకెత్తబోయే గింజ కూడా మానుకుంటుందిరా" అని ఏడిపించేది. అలాంటి మనిషి పోయిన నెల నా బల్ల మీద పాత రేకు గిలక్కాయ పెట్టి, వెక్కిరింపేమీ లేకుండా బతిమాలింది.

"ఇందులో అమ్మ మసూరుంది. మొలుస్తుందేమో మేడమ్‌ని అడగరా."

అప్పుడు చెప్పింది సంగతి. వాళ్లమ్మ వేసే విత్తనంలో నల్లవి, మచ్చలవి, బూడిద రంగువి అన్నీ కలిసే ఉండేవట. పన్నెండేళ్లప్పుడు ఈవిడ, అమ్మ మెచ్చుకుంటుందని, విత్తనాల కుండ దించి మచ్చలవన్నీ బెరకులని ఏరి కోళ్లకు వేసేసింది. ఆ ఏడే తుప్పు తెగులొచ్చింది. దాన్ని తట్టుకునేవి ఆ మచ్చలవేనట, మిగిలినవి ఒక్కటీ తట్టుకోలేదు. విత్తనమే లేకుండా పోయింది.

"బాగా తిట్టిందా అక్కా?"

"తిట్టినా బాగుండేదిరా. 'చిన్నపిల్లవి, నీకేం తెలుసు' అంది. అంతే."

అప్పట్నుంచీ ఆ మచ్చల మీదే బెంగ. ఇక్కడికొచ్చిన ప్రతి పొట్లంలోనూ వాటినే వెతికేదట. ఇన్నేళ్లూ నాకు తెలిస్తే ఒట్టు! ఆ ముందురోజు ఇల్లు సర్దుతుంటే, తమ్ముడి కోసం వాళ్లమ్మ చేసిన ఈ గిలక్కాయ దొరికింది.

విప్పితే పదకొండు గింజలు. శాస్త్రవేత్త మేడమ్ ఎనిమిదింటిని తడిగుడ్డలో పెట్టింది. పెద్దక్క రోజూ పొద్దున్నే సంచీ కూడా దించకుండా వచ్చి చూసేది. ఒక్కటీ మొలవలేదు. నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో తెలియదు. మిగిలిన మూడింటినీ పొడి చేసి జన్యు పరీక్షకు పంపారు.

నిన్న ఫలితం వచ్చింది.

"మన పొట్లాల్లో కొండల అవతల్నుంచి వచ్చిన రకం ఒకటి దీనికి చుట్టం పెద్దక్కా. అదే మాత్రం కాదు. రెండిటికీ మూలం ఒకటే," అంది మేడమ్.

"ఎంత దగ్గర చుట్టం?"

"పిన్ని కూతురనుకోండి."

పెద్దక్క గిలక్కాయ చేతిలోకి తీసుకుంది. "పిన్ని కూతురిలో అమ్మ పోలికలు ఉంటాయి కదమ్మా?"

మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ రకాన్నే నాటి చూద్దామంది. నేను దాని పొట్లం తెచ్చి విప్పాను. నల్లవి, మచ్చలవి, బూడిదవి. నాటే ముందు ఏరడం ఇక్కడి పద్ధతి కాబట్టి అలవాటుగా చేట అందించాను.

పెద్దక్క చేట పక్కన పెట్టేసింది.

"ఏరొద్దురా. అమ్మ అన్నీ కలిపే వేసేది."