వెనక టైర్లలో గాలి

చాలా ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఆఫీసులో నవ్వుతున్నప్పుడు, లాల్‌దర్వాజా బోనాల రద్దీలో పిల్లల చేయి పట్టుకుని నడుస్తున్నప్పుడు, అది నాతోనే ఉంది. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నేను ఒక మనిషికి తన ఒంటి మీద తనకే నమ్మకం లేకుండా చేశాను.

అతన్ని ఇక్కడ యూసుఫ్ అంటాను. అసలు పేరు అది కాదు. ఆ రోజు మైదానంలో ఉన్నవాళ్లు ఎలాగూ గుర్తుపడతారు. గుర్తుపట్టాలనే రాస్తున్నాను.

యూసుఫ్‌కు దబీర్‌పురాలో కార్ల సీటు కవర్లు కుట్టే దుకాణం ఉంది. నాది ప్రభుత్వ రంగ సంస్థలో ఉద్యోగం. నా కారుకు కవర్లు కుట్టించుకోవడానికి వెళ్లి, సాయంత్రం దాకా అక్కడే కూర్చుని కార్ల గురించి మాట్లాడి వచ్చాను. అలా మొదలైంది. ఆ పిచ్చి ఇద్దరినీ ఆటోక్రాస్ దాకా తీసుకెళ్లింది. ఖాళీ సిమెంటు మైదానంలో రంగు కోన్లు పెడతారు. ఒక్కో కారు ఒంటరిగా, ఒక్క కోను పడేయకుండా, వాటి మధ్య మెలికలు తిరిగి రావాలి. ఎవరు తక్కువ సమయంలో వస్తే వాళ్లు గెలిచినట్టు. శంషాబాద్ దాటాక ఒక మైదానం అద్దెకు తీసుకుని మా క్లబ్బు ఆదివారాలు ఈ ఆట పెట్టేది. చాలామంది సొంత కార్లతో వచ్చేవారు. మా ఇద్దరికీ కలిపి నా చిన్న పాత కారు ఒక్కటే. ఈ ఆటలో అది మామూలే. ఒకరు దిగగానే ఇంకొకరు ఎక్కుతారు.

ఆ మధ్యలో దొరికే కాసేపట్లో మాకొక పద్ధతి ఉండేది. నేను పొట్టివాడిని. నా వీపు వెనక పెట్టుకోవడానికి యూసుఫ్ ఒక దిండు కుట్టాడు. దాన్ని తీయడం, సీటు జరపడం, బెల్టు సరిచేయడం అతని పని. టైర్లలో గాలి నా పని. నడిపినకొద్దీ టైర్లు వేడెక్కి లోపల గాలి ఒత్తిడి పెరుగుతుంది. రెండోవాడు ఎక్కేలోపు దాన్ని మళ్లీ దించాలి. ఒకరు చేసిన పనిని ఇంకొకరు సరిచూడటం మాకు లేదు. అలా చూస్తే నమ్మకం లేనట్టే అనుకునేవాళ్లం.

గాలిలో ఏముంది అనుకోవద్దు. మా కారును ముందు చక్రాలు లాగుతాయి. అలాంటి కారు మలుపులో సరిగా తిరగక బయటికి పోతుంటుంది. వెనక టైర్లలో కాస్త గాలి పెంచితే వెనక భాగం కొద్దిగా జారి, కారు తేలిగ్గా తిరుగుతుంది. మరీ పెంచితే మాత్రం, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీద కాలు ఏమాత్రం సడలినా, కారు బొంగరంలా తిరిగిపోతుంది. ఎంత పెడితే మంచిది, ఎంత దాటితే ప్రమాదం అని ఎన్నో ఆదివారాలు పెట్టి, తీసి, కనుక్కున్నది నేనే.

యూసుఫ్‌కు మొదట్లో ఒక భయం ఉండేది. వేగంగా మలుపులోకి వెళ్లగానే యాక్సిలరేటర్ మీంచి కాలు ఎత్తేసేవాడు. నేను పక్కన కూర్చుని "ఎత్తకు, ఎత్తకు, దగ్గరి కోను చూడకు, దాని అవతలిది చూడు" అని అరిచేవాణ్ని. మలుపుకు ముందే వేగం తగ్గించుకోవడం, లోపలికి వెళ్లాక కాలు నిలకడగా ఉంచడం నేర్పాను. నెలలు పట్టింది. మాన్పించాను. ఆ తర్వాత అతను నాకంటే వేగంగా నడపడం మొదలుపెట్టాడు.

దాన్ని అసూయ అంటే సరిపోతుందా? ఇన్నేళ్లూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. అతను నడుపుతుంటే బయట నిలబడి చూసేవాణ్ని. ప్రతి మలుపులో నేను చెప్పిన మాటలే కనిపించేవి, నాకంటే బాగా. నా మాటలు నాకు పనికిరాకుండా అతనికి ఎలా పనికొచ్చాయి? గురువుకు అది సంతోషం కావాలి. నాకు కాలేదు.

ఆ ఏడు వేరే ఊళ్లో జరిగే పెద్ద పోటీకి క్లబ్బు ఒక్కరినే పంపుతానంది. ఎంపిక రోజున ఒక్కొక్కరి చివరి పరుగు ఒక్కటే లెక్క. నేను ముందు నడిపాను. అప్పటిదాకా నడిపిన అందరికంటే నాదే తక్కువ సమయం. మిగిలింది యూసుఫ్ ఒక్కడే. పొద్దున సాధన పరుగుల్లో అతను నన్ను సులభంగా దాటాడు. మళ్లీ దాటుతాడని నాకు తెలుసు.

దిగాను. అతను వంగి దిండు తీస్తున్నాడు. నేను ముందు టైర్లలో గాలి దించాను, ఎప్పటిలాగే. వెనక టైర్ల దగ్గరికి వెళ్లి, దించాల్సిన చోట పంపు తగిలించి ఇంకా కొట్టాను. తొందరపడ్డానా? లేదు. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. ఎంత కొట్టాలో కూడా మీటరు చూసుకుంటూనే కొట్టాను.

"గాలి చూసినవా అన్నా?" అన్నాడు లోపలినుంచి.

"చూసిన పో."

అబద్ధం కూడా కాదు. చూసే చేశాను.

చివరి పెద్ద మలుపు దాకా అంత అందంగా నడపడం నేను అతని దగ్గర ఎప్పుడూ చూడలేదు. ఆ మలుపులో కారు వెనక భాగం ఒక్కసారిగా బయటికి వచ్చింది. చుట్టూ తిరిగింది. కోన్లు ఎగిరిపడ్డాయి. వెనక్కి జారుతూ వెళ్లి అంచున పేర్చిన పాత టైర్లకు కొట్టుకుని ఆగింది. అతనికి దెబ్బ తగల్లేదు. తగిలే అవకాశం ఉంది కదా అని నేను ముందు ఆలోచించానా? లేదు. అది కూడా రాయాలి.

నేను అందరికంటే ముందు పరిగెత్తాను. అతని కోసం అనుకున్నారు. నేను వెనక టైరు దగ్గర కూర్చుని, పరీక్షిస్తున్నట్టు నటిస్తూ, గాలి వదలడం మొదలుపెట్టాను. బుస్సుమంటోంది. యూసుఫ్ దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఇడ్సిపెట్టు అన్నా. టైర్లది తప్పు కాదు."

నేను తలెత్తలేదు. "కాలు ఎత్తినవ్ కదా యూసుఫ్."

అతను తన కుడికాలి బూటు వైపు చూశాడు. "ఎత్తినట్టే ఉంది. కసమ్ అన్నా, నాకు తెల్వనే లేదు. నాకు తెల్వకుండనే ఎత్తిన."

గాలి కొట్టడం ఒక తప్పు. ఈ మాట అంతకంటే పెద్ద తప్పు. మొదటిది ఒక పరుగు తీసుకుంది. రెండోది మనిషినే తీసుకుంది.

మా ఆటలో అలా కాలు ఎత్తడాన్ని లిఫ్ట్ అంటారు. ఆ రోజు నుంచి క్లబ్బులో అతన్ని లిఫ్ట్ భాయ్ అన్నారు. "ఏం లిఫ్ట్ భాయ్, ఏ ఫ్లోర్‌కు పోతున్నవ్?" అని నవ్వేవాళ్లు. అతనూ నవ్వేవాడు. నేనూ నవ్వాను. నేను పెద్ద పోటీకి బయలుదేరిన రోజు దిండుకు కొత్త కవరు కుట్టి తెచ్చిచ్చాడు. అక్కడ నేను చివరి వరసలో మిగిలాను. తిరిగొచ్చేసరికి అతను మైదానానికి రావడం మానేశాడు. తర్వాత రోడ్డు మీద కూడా నడపడం తగ్గించాడు, చివరికి పూర్తిగా మానేశాడు. దుకాణానికి ఆటోలో వెళ్తాడు. కవరు కుట్టిన కార్లను బయటికి తీయాలంటే ఇంకొకరిని పిలుస్తాడు. అడిగినవాళ్లకు "నా కాలు మీద నాకు భరోసా లేదు భాయ్" అంటాడు.

మేం కలుస్తూనే ఉన్నాం. పండుగలకు వాళ్లింటికి వెళ్లి తింటూనే ఉన్నాను. ఎలా మింగుడుపడింది అని అడగండి. పడింది. అదే చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ఈమధ్య వాళ్లమ్మాయి కారు నేర్చుకుంది. ఒకరోజు మా ఇంటికి వచ్చి నవ్వుతూ చెప్పింది. "చాచా, మా అబ్బాజాన్ పక్కన కూసుంటే ఒక్కటే లొల్లి. నా కాలు నీకు రావద్దు బేటా, నా కాలు నీకు రావద్దు అంటడు. కాలేమన్న జబ్బా?" మా ఆవిడ కూడా నవ్వింది. నేను లేచి పక్క గదిలోకి వెళ్లాను.

మర్నాడు దుకాణానికి వెళ్లాను. అతను మిషను మీద సీటు కవరు కుడుతున్నాడు. నిలబడే చెప్పాను. కూర్చునే ధైర్యం లేదు. మొదట మిషను ఆగలేదు. మధ్యలో ఎక్కడో ఆగింది.

నేను ముగించాక అడిగాడు. "ఎంత పెట్టినవ్?"

చెప్పాను. అతని కళ్లు గోడ మీద దేనినో నెమ్మదిగా చుట్టి వచ్చాయి. ఆ మలుపును మళ్లీ నడుపుతున్నాడని అర్థమైంది.

"అయితే నేను ఎత్తలేదా?"

లేదు అనాలనిపించింది. అంటే అతను తేలికపడేవాడేమో. కానీ అతనికి ఇంకో అబద్ధం ఇవ్వడానికి రాలేదు. "ఎత్తినవ్. జరంత. ఎవరైనా గంత ఎత్తుతరు. గా గాలి మీద నేనైనా తిరిగిపోతుంటి."

యూసుఫ్ దారం తెంపాడు. కొత్త దారం సూదిలోకి ఎక్కించబోయాడు. రెండు సార్లు తప్పింది. "నువ్వు పో" అన్నాడు. ఈసారి 'అన్నా' అని పిలవలేదు.

వచ్చేశాను. అతను ఫోన్ చేయలేదు. నేను చేయలేదు. క్షమిస్తాడని అనుకోవడం లేదు, అడిగే హక్కూ లేదు. కానీ అతనొక్కడికి చెబితే సరిపోదని అనిపించింది. అతన్ని చూసి నవ్విన వాళ్లందరికీ చేరాలి. రాస్తుంటే మొదటిసారి ఛాతీలో కాస్త చోటు దొరికినట్టుంది. ఆ చోటు కూడా నాకు దక్కకూడనిదేమో, తెలియదు.

మీరు ఆ రోజు అక్కడ ఉండి ఉంటే, ఇకనైనా ఆ పేరుతో పిలవకండి. అతని కాలికి ఏ జబ్బూ లేదు. ఆ రోజు అందరికంటే బాగా నడిపింది అతనే. ఓడించింది నేను.