నేను అతికించిన ఐదు చిల్లులు

రూపాయి బిళ్లంత కాగితం ముక్కలు ఐదు. ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు అంతే. అరచేతిలో పెట్టుకుని ఊదితే ఎగిరిపోయేవి. నా గుండెల మీద నుంచి మాత్రం కదల్లేదు. భార్యకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా ఆ ఒక్క సంగతి దాటేసి మిగతావన్నీ చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ముందే ఒక మాట. ఇందులో నాకు జరిగిన ద్రోహం కూడా ఉంది. దాన్ని పక్కన పెట్టి నా తప్పొక్కటే చెప్పుకునేంత మంచివాణ్ణి కాను. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు రగులుతుంది. ఆ రగిలేది ఆయన మీదనా, నా మీదనా అంటే సరిగ్గా చెప్పలేను.

నేను పోలీసుల్లో తుపాకీ పట్టే కానిస్టేబుల్‌గా చేరాను. మా పల్లె కొత్తచెరువు పక్కన. నాతో పనిచేసిన అంజినప్పది రొళ్ల అనే ఊరు. పదిహేనేళ్లు మిలిటరీలో చేసి, మాజీ సైనికుల కోటాలో మా దగ్గరికొచ్చాడు. నాకంటే ఏడేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి. తుపాకీ పట్టుకోవడం నాకు ట్రైనింగులో నేర్పారు గానీ, కాల్చడం నేర్పింది ఆయనే. ఊపిరి సగం వదిలి, అక్కడ ఆపి, అప్పుడు వేలు నొక్కాలని చెప్పాడు. రెండేళ్లు తిరక్కుండానే పెనుకొండ కొండ కింద ఫైరింగ్ రేంజిలో నన్ను మించినవాడు లేడనిపించుకున్నాను. కొంచెం గర్వం కూడా తలకెక్కింది. ఎందుకెక్కదు? కాగితం బొమ్మ తిరిగి కొట్టదు కదా.

తొంభైల చివర్లో ఒక పొద్దున ధర్మవరం అవతల చీనీ తోటలోకి, అదే బత్తాయి తోటలోకి వెళ్లాం. రెండు హత్య కేసుల్లో తప్పించుకు తిరుగుతున్నవాడు అక్కడ మోటారు షెడ్డులో ఉన్నాడని తెలిసింది. తోటకు ఒక పక్క నేనూ అంజినప్పా, ఇంకో పక్క మిగతావాళ్లు. వాడు మా వైపే వచ్చాడు. చేతిలో వేటకొడవలి. పదిహేను అడుగుల దూరం కూడా లేదు. నేను మూడుసార్లు కాల్చాను. ఒకటి చీనీ చెట్టుకు తగిలింది. ఒకటి నేలకు. మూడోది ఎక్కడికి పోయిందో ఈ రోజుకూ తెలియదు. అంజినప్ప ఒక్కసారి కాల్చాడు, తొడలో. వాడు కూలబడ్డాడు.

అప్పటికే నా ప్యాంటు తడిసిపోయింది. మిగతావాళ్లు పరుగెత్తి వస్తున్నారు. అంజినప్ప తన నీళ్ల సీసా తీసి, మొహం కడుగుతున్నట్టు నా మీద గుమ్మరించాడు, నడుము కిందికంతా. ఎవరికీ ఏమీ తెలియలేదు. ఎవ్వరికీ చెప్పొద్దన్నా అని ఆయన చెయ్యి పట్టుకున్నాను. చెప్పనని నా చేతిలో చెయ్యి వేశాడు. ఆ క్షణంలో సొంత అన్న కూడా అంత చేసి ఉండడు. అంత చేసిన మనిషి కాబట్టే తర్వాత అంత మండింది.

రెండు నెలలకు, అట్లా తప్పించుకు తిరిగే హంతకులను పట్టుకునే ఒక ప్రత్యేక టీముకు ఎంపిక మొదలైంది. రేంజిలో నా మార్కులు చూసినవాళ్లెవరైనా మొదటి పేరు నాదే రాయాలి. లిస్టులో నా పేరు లేదు. అంజినప్ప పేరుంది. ఆఫీసులో కాగితాలు చూసే హెడ్ కానిస్టేబుల్ నన్ను పక్కకు పిలిచి, "మీ అన్నే సార్‌కు చెప్పినాడప్పా, నీకు ఎదురుగా మనిషొస్తే చెయ్యి ఆడదంట కదా" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు నాకు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయంటారు. నా పని అట్లా అయింది. వెళ్లి అడగొచ్చు కదా, ఎందుకు చెప్పావని? అడగలేదు. అడిగితే ఆ తోట, ఆ తడి, అన్నీ మళ్లీ మాట్లాడుకోవాలి. ఆయనతో కలిసే టీ తాగాను. ఆయన క్యారియర్లో కూరే తిన్నాను. లోపల మాత్రం ఒకటే మాట. చేతిలో చెయ్యి వేసి చెప్పావే. చెయ్యి వేసి.

టీములోకి వెళ్లేవాళ్లకు చివరి పరీక్ష పెనుకొండలోనే పెట్టారు. ఊరికే పడుకుని కాల్చడం కాదు. రెండు వందల గజాలు పరుగెత్తి రావాలి. రొప్పుతూనే నిలబడి కాల్చాలి. పక్కన ఒకడు చెవిలో అరుస్తుంటాడు. పది తూటాల్లో ఆరు తగలాలి. ఒత్తిడిలో ఎవడి చెయ్యి నిలుస్తుందో చూడడానికన్నమాట.

ఆ రోజు నా పని గోతిలో. టార్గెట్ల వెనక మనిషి లోతు గొయ్యి ఉంటుంది. కాల్చడం అయిపోగానే గోతిలో ఉన్నవాడు టార్గెట్‌ను కిందికి దించి, చిల్లులు లెక్కపెట్టి, పొడుగాటి కర్రకున్న బిళ్లతో పైకి లెక్క చూపించాలి. తర్వాత ఆ చిల్లుల మీద చిన్న కాగితం ముక్కలు అతికించి, తర్వాతి మనిషి కోసం మళ్లీ పైకెత్తాలి. పక్కనే డబ్బాలో మైలుతుత్తం కలిపిన మైదా బంక ఉంటుంది. ముందు లెక్క, తర్వాత అతుకు. వరస అది.

మాలో ఒక దొంగ అలవాటు ఉండేది. పాపం, ఎవడైనా ఒకటి రెండు తగ్గి తప్పిపోయేట్టుంటే గోతిలో ఉన్నవాడు పెన్సిల్‌తో పొడిచి లెక్క సరిచేసేవాడు. తూటా చిల్లూ పెన్సిల్ చిల్లూ ఇంచుమించు ఒకటే. పై అధికారులు ఎప్పుడైనా అనుమానపడితే ఆ పెన్సిల్ గురించే. ఉన్న చిల్లు మూసేవాడు ఉంటాడని ఎవరూ అనుకోలేదు. అట్లాంటి పని ఎవడు చేస్తాడు?

అంజినప్ప కాల్చాడు. నేను టార్గెట్ దించాను. పదికి తొమ్మిది. ఆ రొప్పులో, ఆ అరుపుల మధ్య, ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. తొమ్మిదిలో ఆరు ఒక అరచెయ్యి కిందికి వచ్చేస్తాయి. అంత అందంగా కాల్చాడు. అది చూసి నాకు గర్వంగా అనిపించింది. నిజం చెబుతున్నాను, మొదట అనిపించింది అదే. ఆ వెంటనే ఈ చెయ్యే కదా నా చేతిలో పడి ఒట్టు వేసింది అనిపించింది.

గోతిని చూడాల్సిన ఎస్సై ఎండకు తాళలేక పైకి వెళ్లాడు. పక్క టార్గెట్ వాడు తన పనిలో ఉన్నాడు. నేను బంకలో వేలు ముంచాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. అప్పటికే ఆ అట్ట మీద వందల అతుకులున్నాయి. అందులో ఈ ఐదూ కలిసిపోయాయి. కర్ర పైకెత్తి నాలుగు చూపించాను.

చెయ్యి వణికిందా అంటారా? లేదు. ఆ రోజు నా చెయ్యి ఒక్క పిసరు వణకలేదు. ఎదురుగా మనిషి లేడు కదా.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అంజినప్ప నా పక్కన కూర్చున్నాడు. క్యారియర్ విప్పలేదు. తన రెండు చేతులూ ముందుకు చాపి వాటినే చూసుకుంటున్నాడు.

"అబ్బీ, నువ్వు దగ్గరుండి చూసినావు కదా. నిజంగా నాలుగేనా?"

"నాలుగేనన్నా."

"కడమవి యాడికి పోయినాయి?"

"పైకి పోయినట్టుండాయి."

తన అరచేతుల్ని ఒకసారి తిప్పి చూసుకున్నాడు. తర్వాత తలూపాడు. "ఇంగొకడు చెప్పింటే నమ్మేవాణ్ణి కాదు. తెలిసినోడి కోసమని పెన్సిల్‌తో రెండు పొడుస్తారు గానీ, ఉండేవి తగ్గించి చెప్తారా యాడన్నా? నువ్వే నాలుగంటివంటే నాలుగే."

నేను అన్నం కలుపుతున్నాను. తల ఎత్తలేదు.

"నీకొకటి చెప్పాల. ధర్మవరం సంగతి సార్‌కు చెప్పింది నేనే. ముందు నీతో చెప్పాల్సింది, నోరు రాలేదు. ఆ పొద్దు నీ చెయ్యి చూసినా కదా. మళ్లా అట్లాంటి తావుకు పోతే నిన్ను నరికేస్తారని భయమాయ. మీ అమ్మకు ఏమని చెప్పేది నేను? తిట్టు, పడతా." నవ్వబోయాడు. "ఇంగ చూడు, నీ గురించి చెప్పినోడి చెయ్యే ఇట్లయిపాయ."

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. ఆయన ఒప్పుకున్నాడు. చేసిన తప్పు నా ముందు పెట్టి తల వంచాడు. ముప్పై అడుగుల దూరంలో వేపచెట్టు కింద బల్ల మీద ఎస్సై మార్కులు కూడుతూనే ఉన్నాడు. లేచి వెళ్లి లెక్క తప్పిందని ఒక్క మాటంటే చాలు. మహా అయితే నాలుగు తిట్లు, ఒక మెమో. నేనేమన్నానో తెలుసా? "పోనీలే అన్నా" అన్నాను. క్షమించినవాడిలా. ఐదు చిల్లులు మూసింది కోపంలో అనుకుందాం. ఈ మాట కోపంలో అన్నది కాదు. నేను చేసిన పనుల్లో దీనికంటే నీచమైనది లేదు.

ఆయన టీములోకి వెళ్లలేదు. అక్కడితో ఆగి ఉంటే నేనిది రాసేవాణ్ణి కానేమో. సమానమైంది, చెల్లుకు చెల్లు అనుకుని బతికేసేవాణ్ణి. కానీ ఆయన తన చేతిని నమ్మడం మానేశాడు. ఖాళీ తుపాకీ మీద చిన్న రాయి పెట్టి, పడకుండా ఎంతసేపు పట్టుకోగలడో చూసుకునేవాడు. టీ మానేశాడు. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. మరుసటేడు అదే పరీక్షలో గోతిలో నేను లేను. ఇంకెవరో ఉన్నారు. నిజంగానే మూడు తగిలాయి. ఎవరూ ఏ చిల్లూ మూయలేదు. నా అబద్ధం అప్పటికి నిజమైపోయింది.

రెండు వేల సంవత్సరం దాటాక, హిందూపురంలో కోర్టు నుంచి అంజినప్పా, ఇంకొందరూ ఒక ఖైదీని నడిపించుకుని వస్తున్నారు. ఇంకా నేరం రుజువు కాని మనిషి. పట్టుగూళ్ల మార్కెట్ దగ్గర ముగ్గురు వచ్చి పడ్డారు. అంజినప్ప తుపాకీ ఎత్తాడు. పది అడుగుల దూరం. కాల్చలేదు. చుట్టూ గూళ్ల బుట్టలు, రైతులు, ఆడవాళ్లు. ఎవరికి తగులుతుందోనని భయపడ్డానని, తన చేతిని తాను నమ్మలేకపోయానని తర్వాత నాతో చెప్పాడు. ఆ ఖైదీని ఆయన కళ్ల ముందే నరికి చంపారు. చనిపోయినతనికి ఇద్దరు చిన్న పిల్లలు.

విచారణ జరిగింది. పాత ఫైరింగ్ మార్కులు తీశారు. గురి సరిగా లేని మనిషి జనంలో కాల్చకపోవడమే మంచిదైందని వదిలేశారు. అంటే, నేను రాయించిన ఆ నాలుగే ఆయన ఉద్యోగాన్ని కాపాడింది. చూడండి, నాకెంత గొప్ప సాకు దొరికిందో! ఇప్పుడు నిజం చెబితే, మంచి గురి ఉండీ కాల్చని పిరికివాడని ఆయన మీదకే వస్తుంది కదా, ఆయన మేలు కోసమే నోరు మూసుకున్నాను అని ఎన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నానో. ఆయన మేలు కోసమా? ఆ ఖైదీ భార్య కోర్టు మెట్ల మీద కూర్చుని ఉంటే, ఆవిడ మేలు కోసం కూడా మూసుకున్నానా?

ఉద్యోగం మిగిలింది, తుపాకీ పోయింది. రిటైరయ్యేదాకా ఆయన్ని స్టోర్సులో బూట్లు, దుప్పట్లు ఇచ్చే పనిలో పెట్టారు. కొత్తగా వచ్చిన పిల్లలకు ఆయన మిలిటరీలో చేశాడని చెబితే నమ్మేవాళ్లు కాదు.

ఆయన రెండో కూతురు శారద కానిస్టేబుల్ అయింది. నా సర్వీసు చివర్లో నేను పెనుకొండ రేంజిలో కాల్చడం నేర్పే ఉస్తాదుగా ఉన్నాను. ఆ అమ్మాయి పరుగెత్తి కాల్చే పరీక్షలో తప్పుతోందని అంజినప్ప నా దగ్గరికి తీసుకొచ్చాడు. తను నేర్పితే తన వణుకు దానికి అంటుకుంటుందట. గేటు లోపలికి కూడా రాలేదు. బయట రోడ్డు మీద నిలబడి, "నువ్వు చెప్పియ్యప్పా, నీ చెయ్యి మంచిది" అన్నాడు.

నేర్పాను. నాకు వచ్చిందంతా ఆయన నేర్పిందే కదా. ఊపిరి సగం వదిలి, అక్కడ ఆపి. పరీక్ష రోజు ఆ పిల్ల పదికి ఎనిమిది కొట్టింది. మొహం వెలిగిపోతుండగా నా దగ్గరికి పరుగెత్తి వచ్చింది.

"చిన్నాయనా, మా నాయన ఎప్పుడన్నా ఇట్ల కాల్చినాడా?"

"ఈడనే, ఇట్లే పరుగెత్తి వచ్చి, పదికి తొమ్మిది కొట్టినాడమ్మా" అన్నాను.

నా నోటి నుంచి ఆ నిజం రావడం అదే మొదటిసారి. ఆ అమ్మాయి నా వైపు చూసి, మెల్లగా నవ్వింది.

"మా నాయన మీద నీకు శానా ప్రేమ చిన్నాయనా. ఆయప్పతో మాత్రం ఇట్ల అనొద్దు, బాధపడతాడు" అని వెళ్లిపోయింది.

వెనక్కి పిలవలేదు. ఆ రోజూ పిలవలేదు.

అంజినప్ప ఉన్నాడు, రొళ్లలోనే. ఆయనకు ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం నాకు వస్తుందని మాట ఇవ్వలేను. ఎదురుగా మనిషి ఉంటే నేనేమవుతానో మీకిప్పుడు తెలుసు. ఆయన నాకు ద్రోహం చేశాడన్న మంట కూడా పూర్తిగా ఆరలేదు, అది దాచి పుణ్యం కట్టుకోలేను. మీరు క్షమించాలని కూడా రాయలేదు. నేను కాకుండా ఇంకొక్కరికైనా తెలిసి ఉండాలని రాశాను. ఆ రోజు ఆయన చెయ్యి వణకలేదు.