నీలిమందు పిస్తోలు

ట్రయలు చూడకుండా యేసురాజు ఏదీ కొనడు. తన కంట పడితే ఇంకొకరిని కూడా కొననివ్వడు.

చొక్కాకు ట్రయలు అందరూ చూస్తారు. యేసురాజు మంచానికి చూశాడు. కొత్త మంచం కొలతకు నేలమీద సుద్దముక్కతో గీత గీసి, నెలరోజులు ఆ గీతలోనే పడుకున్నాడు. నిద్రలో గీత దాటి దొర్లిన రోజున "డోరా, కింద పడ్డా!" అని కేక వేసి, భార్య వచ్చి చెయ్యి అందించేదాకా లేవలేదు. ఫ్రిజ్ కొనేముందు, అది పెట్టబోయే మూలలో తనే నిలబడి ఆమెను వంట చేసుకోమన్నాడు. ఆమె పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా, తలుపు తెరుచుకున్నట్టు చెయ్యి అడ్డంగా చాపేవాడు. మూడోసారి ఆ తలుపుకు గరిటె తగిలింది. ఫ్రిజ్ హాల్లోకి మారింది.

కాప్రాలో వాళ్ళ పక్కింటి సామ్యూల్ కుక్కను పెంచుకుంటానన్నాడు. యేసురాజు రోజూ తెల్లవారకముందే వెళ్ళి సామ్యూల్ తలుపు గోళ్ళతో గీకేవాడు. "లే, నన్ను బయటికి తీస్కపో. వానొచ్చినా పోవాలె." వారం తిరక్కముందే సామ్యూల్ చేపలతొట్టి కొనుక్కున్నాడు.

ఈ ట్రయళ్ళన్నీ దగ్గరుండి చూసింది అతని అక్క కూతురు హదస్సా. తల్లి పోయాక పదో తరగతి మధ్యలో ఆపేసి ఈ ఇంటికి వచ్చింది. వచ్చిన రోజున సంచీ పట్టుకుని గడప బయటే నిలబడిపోయింది. యేసురాజు చూసి, "లోపలికి రా బిడ్డా. ఉండిపొమ్మని అంటలేను. ట్రయలుకు ఉండు. మేం నచ్చుతమో లేదో జూస్కో" అన్నాడు. తల్లి పోయాక ఆ పిల్ల మొదటిసారి నవ్వింది అప్పుడే. తర్వాత కుట్టుపని నేర్చుకుంది. నలుగురిలో నోరు విప్పాలంటే సిగ్గు. కొలతల టేపు చేతిలో ఉంటే మాట్లాడే పని ఉండదు, చూసే పనే ఉంటుంది. ఆమెకు అది సరిపోయింది.

అలాంటి యేసురాజును పిస్తోలు ఎంచిపెట్టమని అడిగినవాడు ఉదయ్ భాస్కర్. ఇద్దరూ ఒకే బళ్ళో ఒకే బెంచీమీద చదువుకున్నారు. ఉదయ్ భాస్కర్‌కు మోండా మార్కెట్లో వెండిసామాన్ల కొట్టుంది. పోయినేడు ఒక సాయంత్రం కొట్టు కట్టేసి వస్తుంటే, బైకుమీద వచ్చిన ఇద్దరు అతన్ని కింద పడేసి సంచీ లాక్కుని పోయారు. అందులో ఖాళీ టిఫిన్ డబ్బా, తువ్వాలు తప్ప ఏమీ లేవు. కానీ ఆ రోజు కిందపడిన మనిషి లోపల లేవలేదు. అప్పట్నుంచి చీకటి పడకముందే షట్టర్ దించేస్తున్నాడు. ఎక్కడికెళ్ళినా వీపు గోడకు ఆనించి కూర్చుంటున్నాడు. బావమరిది యుగంధర్ ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, ఆఖరికి అతనికి రివాల్వర్ లైసెన్సు తెప్పించాడు.

"లైసెన్సు వచ్చిందని కొనుడేనా?" అంది ఉదయ్ భాస్కర్ భార్య విమలమ్మ. "యేసురాజన్న సరే అంటెనే అది నా గడప లోపలికొస్తది."

ఆమె అలా అనడానికి కారణం ఉంది. యేసురాజు కంటోన్మెంటులో మిలిటరీ వర్క్‌షాపులో తుపాకులు బాగుచేసే పని చేసి రిటైరయ్యాడు.

ముగ్గురూ ఆయుధాల దుకాణానికి వెళ్ళారు. మూడో మనిషి హదస్సా. పిస్తోలు పెట్టుకునే సంచీ ఆమే కుట్టాలి కనుక కొలతలకు రమ్మన్నారు. దుకాణం యజమాని దయాకర్ మర్యాదగా ఒక రివాల్వర్ తీసి, ఖాళీగా ఉందని తెరిచి చూపించి బల్లమీద పెట్టాడు.

ఉదయ్ భాస్కర్ దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. గోటితో గీకాడు. అరచేతిలో ఎగరేసి తూచాడు.

"ఇదేందీ గింత తేలికుంది? లోపల బోలా?"

"గొట్టం బోలుగానే ఉండాలె సర్. గుండు అందులకెళ్ళే పోతది."

"అయితే తరుగు తియ్యాలె."

"భాస్కరూ, నువ్వు కుంకుమభరిణె కొంటలేవుర" అన్నాడు యేసురాజు. "ముందు ఇది యాడ పెట్టుకుంటవో జెప్పు."

"నడుముకు."

"కొట్టుల గల్లపెట్టె దగ్గర కూర్చున్నట్టు కూర్చో. ఇప్పుడు తియ్."

ఉదయ్ భాస్కర్ కూర్చున్నాడు. పొట్ట వచ్చి పిస్తోలును మూసేసింది. చెయ్యి కిందికి పోయింది కానీ పైకి రాలేదు.

"దొంగను జెర ఆగుమని, లేచి నిలబడి తీస్తవా?"

హదస్సా నవ్వు దాచుకుని, సంచీ పక్కకు కుట్టాలని మనసులో అనుకుంది. చివరికి నిలబడే తీశాడు. తీయగానే చూపుడువేలి ఉంగరం ట్రిగ్గర్ దగ్గర ఇరుక్కుంది. సరిగ్గా అప్పుడే పక్కకొట్టువాళ్ళు ధడేల్మని షట్టర్ దించారు.

ఉదయ్ భాస్కర్ ఒక్క గంతులో వెనక్కి తిరిగాడు. ఖాళీ రివాల్వర్ ముందు దయాకర్ వైపు, తర్వాత హదస్సా వైపు తిరిగింది. తన సరుకే అయినా దయాకర్ బల్లకింద ఉన్నాడు. హదస్సా మామయ్య ముఖం చూసింది. ఆ ముఖంలో హాస్యం లేని ఒక్క క్షణాన్ని ఆమె అప్పుడే చూసింది. మరుక్షణం యేసురాజు స్నేహితుడి చేతిలోంచి దాన్ని మెల్లగా తీసి, తుడిచి బల్లమీద పెట్టేశాడు.

"ఈ పిస్తోలు బాగలే."

"ఏమైందిరా దానికి?"

"రంగు బాగలే. పా, ముందు ట్రయలు జూద్దాం."

దారిలో ప్లాస్టిక్ సామాన్ల కొట్టులో హోలీకి అమ్మగా మిగిలిన నీళ్ళపిస్తోలు ఒకటి దొరికింది. చిలకపచ్చ రంగు. యేసురాజు దానికి నల్లరంగు పూసి, బరువు కోసం సైకిల్ చెయిన్ ముక్క చుట్టాడు. లోపల నీళ్ళలో, తెల్లబట్టలకు పెట్టే నీలిమందు చిక్కగా కలిపాడు.

"భయమైనప్పుడు తియ్. తీసినంక ఆలోచించకు, నొక్కు. దొంగకు తగిలిందా, దొరకు తగిలిందా నువ్వు యాది పెట్టుకోవద్దు. ఆల్లే కనబడ్తరు."

నిజంగానే కనబడ్డారు. మొదటిరోజు పాలప్యాకెట్లు వేసే మనిషి చెవి నీలమైంది. తర్వాత కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయన జేబు. బెల్లు కొట్టకుండా చనువుగా లోపలికొచ్చిన యుగంధర్ ముఖమంతా నీలమైంది. "లైసెన్సు ఇప్పించినోన్నే గొడ్తవా బావా!" అని అతను వీధిలో నిలబడి అరిచాడు. మోండా మార్కెట్లో ఎవరి ఒంటిమీద నీలిచుక్క కనిపించినా కూరగాయల బిక్షం, "ఎండి సేటు ఇంటికి పోయొచ్చినవా?" అని పలకరించడం షురూ చేశాడు. అదే వారం గుమ్మంలోంచి ఉదయ్ భాస్కర్ కొత్త చెప్పులు ఎత్తుకుపోయినవాడికి మాత్రం ఒక్క చుక్కా పడలేదు.

నీలిమందు అయిపోయిందంటే నింపడానికి వెళ్ళిన యేసురాజుకూ పడింది, సరిగ్గా గుండెమీద. ఆదివారం అదే చొక్కాతో చర్చికి వెళ్ళాడు. పాస్టరమ్మ ప్రిసిల్లా గారు కంగారుపడి, ఏమైందన్నా అని అడిగారు.

"కాల్చిండమ్మా. ప్రభువు దయ, నీలిమందే."

ఆ బుధవారం హదస్సా విమలమ్మకు జాకెట్టు కొలతలు తీయడానికి వెళ్ళింది. ఉదయ్ భాస్కర్ మామూలుగానే గోడకు ఆని కూర్చుని టీవీ చూస్తున్నాడు. విమలమ్మ వంటింటి తలుపులోంచి మజ్జిగ తెస్తుంటే స్టీలు గ్లాసు జారి ఖంగుమంది. అతను తిరిగాడు. పిస్తోలు తిరిగింది. విమలమ్మ మీగడరంగు చీరమీద, ఎడమవైపున, అరచెయ్యంత నీలం పరుచుకుంది.

"నీ చెయ్యి పడిపోను! మొన్ననే కొన్న చీర..." అని షురూ చేసిన విమలమ్మ, భర్త ముఖం చూసి ఆగిపోయింది. అతని ముఖంలో రక్తం లేదు. ఆ నీలం మచ్చనుంచి చూపు తిప్పుకోలేకపోతున్నాడు. పిస్తోలు చివరనుంచి చుక్కలు కారుతున్నాయి.

విమలమ్మ మచ్చకేసి చూసుకుంది. అతనికేసి చూసింది.

"సర్లే. సచ్చిపోయిన. ఇగ రాత్రికి ఉప్మా ఎవరు జేస్తరు?"

ఉదయ్ భాస్కర్ పిస్తోలును సోఫామీద పెట్టి వంటింట్లోకి వెళ్ళాడు. ఆ ఉప్మా ఉండలు కట్టింది, ఉప్పు రెండుసార్లు పడింది. చనిపోయిన మనిషి మాత్రం మారు వడ్డించుకుని తింది.

మర్నాడు పొద్దున్నే అతను పిస్తోలును పేపర్లో చుట్టుకుని కాప్రా వచ్చాడు. హదస్సా కుట్టుమిషన్ ఆపింది.

"నాకొద్దుర రాజూ."

"ఎందుకు? గురి బాగనే ఉందని అందరూ అంటున్నరు."

"గదే నా భయం." ఉదయ్ భాస్కర్ తల వంచుకున్నాడు. "కానీ లైసెన్సు వచ్చిందని బజారంత మిఠాయి పంచిన. ఇప్పుడు ఏమని జెప్పాలె? చేతులు వణికినయని జెప్పాల్నా? ఆ గల్లమీద మల్ల ఎట్ల కూర్చోవాలె?"

"నువ్వేం చెప్పకు. ఛాయ్ తాగు."

ఆ మధ్యాహ్నమే యేసురాజు వెండికొట్టు మెట్లమీద నిలబడి బజారంతా వినబడేలా చేతులు తిప్పాడు. "సికింద్రాబాద్‌ల ఒక్క పిస్తోలు పనికొచ్చేది లేదు! ఒకటి రంగు బాగలే, ఒకటి చప్పుడు బాగలే! భాస్కర్ కొంట కొంట అని పానం తీస్తుండు. నేనే అడ్డం పడ్డ. నా ట్రయలుల పాస్ కాందే కొననియ్య!"

"అయ్యో ఎండి సేటూ!" అన్నాడు బిక్షం తక్కెడ వదిలేసి. "గీయన్ని ఎంట తిప్పుకుంటే నీకు ఈ జన్మల పిస్తోలు దొరకది!"

బజారు పగలబడి నవ్వింది. సుద్దగీత మంచం దగ్గర్నుంచి యేసురాజు ట్రయళ్ళను ఒక్కొక్కటీ తవ్వి తీసి మరీ అందరూ నవ్వారు. గల్ల వెనక ఉదయ్ భాస్కర్ తల ఎత్తాడు. చాలాకాలానికి అతని గొంతు పెద్దగా లేచింది. "ఏం జేస్తం! దోస్తయి సచ్చిండు!"

ఆ రోజు దుకాణంలో పిస్తోలు రంగు ఎందుకు బాగాలేకపోయిందో, మామయ్య వెంట వచ్చి మెట్లకింద నిలబడిన హదస్సాకు అప్పుడు అర్థమైంది.

లైసెన్సు తెప్పించిన యుగంధరే దాన్ని వాపసు ఇవ్వడానికి మళ్ళీ ఆఫీసుల చుట్టూ తిరిగాడు. కానీ చీకటి భయం కాగితంతోపాటు పోలేదు. అది వాపసు ఇచ్చిన మర్నాడు సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే షట్టర్‌మీద చెయ్యి వేసిన ఉదయ్ భాస్కర్‌కు, మెట్లకింద కాన్వాసు బూట్లతో యేసురాజు కనిపించాడు.

"ఏందిరా గిట్లొచ్చినవ్?"

"డాక్టరు నడవమన్నడు. ట్రయలు జూస్తున్న. నువ్వు ఎనిమిదింటికి మామూలుగ కొట్టు కట్టేయ్, మీ ఇంటిదాక నడిచి పోదం."

"మీ ఇంటి ముందల్నే చెరువు పెట్టుకొని, నడిచేటందుకు బస్సెక్కి ఈడిదాక వచ్చినవా?"

"చెరువుకాడ నాకు కుదర్లే."

"ఆడ సుత ట్రయలు జూసినవా?"

"చూసిన. రంగు బాగలే."

ఉదయ్ భాస్కర్ అతని ముఖంలోకి కాసేపు చూశాడు. షట్టర్‌మీద చెయ్యి తీసేసి, లోపలికెళ్ళి దీపాలన్నీ వేశాడు.

నెలలు గడిచాయి. ఒక సాయంత్రం విమలమ్మ చీర ఇవ్వడానికి హదస్సా కూడా వాళ్ళతో నడిచింది. నీలిమచ్చ పోకపోతే దాని చుట్టూ నెమలి కుట్టింది. ఆ ఇద్దరూ ముందు వెళ్తున్నారు. వెనకనుంచి ఒక బైకు రయ్యిమని దూసుకుపోయింది. ఉదయ్ భాస్కర్ భుజం ఒకసారి ఎగిరింది, అంతే. మాట మధ్యలో ఆగలేదు.

"రాజూ, నీ నడక ట్రయలు ఎప్పుడైపోతదిరా?"

"తొందరేంది? ఇంక నమ్మకం కుదర్లే."

ఈ తెగని ట్రయలు తనకూ తెలిసిందే అనిపించింది హదస్సాకు. తిరుగుప్రయాణం బస్సులో, కిటికీ పక్క సీటు ఆమెకు వదిలి కూర్చున్న యేసురాజును చాలాసేపు తటపటాయించి అడిగింది.

"మామా, అమ్మ పోయినప్పుడు నన్ను ట్రయలుకు ఉండుమన్నవు. అది అయిపోయిందా?"

యేసురాజు చాలా గంభీరంగా ఆలోచించాడు. "నడుస్తుంది బిడ్డా. మధ్యల అట్ల అడగొద్దు. అడిగితే మల్ల మొదట్నుంచి షురూ జెయ్యాలె."

హదస్సా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కాప్రా స్టాపు దగ్గర పడుతుండగా ఇటు తిరిగి, ఇంకోసారి అడిగింది.