పసుపు వల్ల కాదు

నా చిన్నప్పుడు న్యూజిలాండ్‌లోని లోవర్ హట్‌లో మా వీధి మలుపులో ఒక డెయిరీ ఉండేది. ఇక్కడ డెయిరీ అంటే పాలు, బ్రెడ్డు, పేపర్లు, ఐస్‌క్రీములు అమ్మే చిన్న కొట్టు. దాన్ని నడిపే అంకుల్‌ది సికింద్రాబాద్. కొట్టు వెనక రేకుల గరాజులో ఆయనకొక పాత అమెరికన్ కారు ఉండేది. యాభైల నాటి షెవర్లే. వెనక రెండు రెక్కలు, ముందు పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నట్టుండే క్రోమియం, ఎడమవైపు స్టీరింగు. దాని పక్కన మా నాన్న కారు ఆవు పక్కన దూడలా కనిపించేది.

అంకుల్ వాళ్ళ నాన్న ఒక పెద్దింట్లో డ్రైవరుగా పనిచేసి అలాంటి కారునే రోజూ తుడిచేవాడట. అంకుల్ నీళ్ళ బకెట్టు మోసేవాడు కానీ, లోపల ఒక్కసారి కూడా కూర్చోలేదు. న్యూజిలాండ్ వచ్చాక ఒక రైతు కొట్టంలో, కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న ఈ కారును చూసి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆరేళ్ళు తన ఆదివారాలన్నీ దానికే ఇచ్చాడు. పొద్దున చర్చి, ఆ తర్వాత గరాజు. తుప్పు తిన్న రేకు కోసి కొత్తది అతికించాడు. తలుపుల చుట్టూ ఉండే రబ్బరు కోసం అమెరికాకు ఉత్తరాలు రాశాడు. ఒళ్ళంతా కొత్త రంగు వేయించినా, బానెట్‌ను మాత్రం ముట్టుకోనివ్వలేదు. దాని మీది మీగడ రంగు ఫ్యాక్టరీలో వేసినదే. రంగు ఎన్నిసార్లయినా కొట్టొచ్చు, మొదటి రంగు ఒక్కసారే ఉంటుంది అనేవాడు.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. కాకినాడ నుంచి వచ్చి మూడేళ్ళయింది. ఆదివారం మధ్యాహ్నాలు గరాజులో చేరి స్పానర్లు అందించేవాణ్ణి. కారు రోడ్డెక్కిన రోజు ముందు సీటు నాదేనని అంకుల్ మాటిచ్చాడు. ఆ సీటు గురించి నేను క్లాసులో చెప్పనివాళ్ళు లేరు.

ఇక్కడ ప్రతి కారుకూ తనిఖీ చేసి, బాగుంటే అద్దం మీద వారంట్ చీటీ అతికిస్తారు. ఒక శనివారం ఆ చీటీతో అంకుల్ కారు మా ఇంటి ముందుకొచ్చి ఆగింది. అప్పుడు మా పిన్ని మా ఇంట్లోనే ఉంటోంది. నర్సు ఉద్యోగానికి వచ్చి రెండు నెలలయింది. అంకుల్ ఆవిణ్ణే అడిగాడు.

“మీరు కొత్త బండికి బొట్టు పెడతరు గద చెల్లె, దీనికి గూడ పెట్టు. ఎవరి దేవుడైనా రానీ, బండి నడిమిట్ల ఆగకుంటె చాలు.”

పిన్ని సంబరపడిపోయింది. పట్టుచీర కట్టుకుని వచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, అంకుల్ చూపించిన చోట, బానెట్ నడిమధ్యన, తడి పసుపుతో సాసరంత బొట్టు పెట్టింది. మా అమ్మ అందరినీ భోజనానికి లోపలికి పిలిచింది. తిన్నాక పిటోనీ బీచ్ దాకా వెళ్ళాలని అనుకున్నారు. బయలుదేరే లోపు బొట్టు మెత్తటి గుడ్డతో తుడిచెయ్యమని అంకుల్ నాకు చెప్పాడు. అంత నమ్మకంగా నాకెవరూ ఏ పనీ చెప్పలేదు.

తడి గుడ్డతో తుడిస్తే ముద్ద పోయింది, పచ్చదనం పోలేదు. పాత రంగు దాన్ని పీల్చుకుంది. మళ్ళీ తుడిచాను. సబ్బు పెట్టాను. ఇది చూస్తే ముందు సీటు పోయినట్టేనని భయం పట్టుకుంది. వెనక వైపు నుంచి వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలు తోమే స్టీలు పీచు తెచ్చి రుద్దాను. పసుపు కొంచెం పలచబడింది. దాని చుట్టూ గీతలు పడ్డాయి, చంద్రవంకల్లా, ఒకదాని మీద ఒకటి. పీచును పొదల్లోకి విసిరేశాను.

అందరూ బయటికొచ్చి ఆ మచ్చ చుట్టూ నిలబడ్డారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. నేనే చెప్పాను.

“పసుపే రంగుని తినేసింది.”

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాట గుర్తొస్తే నాకు చెవులు వేడెక్కుతాయి. పిన్ని మొహం పాలిపోయింది. అంకుల్‌కు ఎన్నిసార్లు క్షమాపణ చెప్పిందో లెక్కలేదు. ఆయన వంగి ఆ గీతల మీద వేలితో నిమిరి, సన్నటి స్టీలు పోగొకటి తీసి జేబులో వేసుకున్నాడు. నాకు తప్ప అది ఎవరికీ కనబడలేదు. ఏం కాదు చెల్లె, కారెక్కు అన్నాడు. పిన్ని డ్యూటీ ఉందని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆవిడకు డ్యూటీ లేదని మాకందరికీ తెలుసు.

నేను ముందు సీట్లో కూర్చున్నాను. సోఫా అంత వెడల్పు సీటు. దారిలో తెలియనివాళ్ళు చేతులూపారు. ముసలివాళ్ళు ఆగిపోయి చూశారు. ఆ రోజు సముద్రం ఎలా ఉందో మాత్రం నాకు గుర్తులేదు. కళ్ళముందు బానెట్ మీద ఆ మచ్చే ఉంది.

రెండు మూడు వారాల తర్వాత డెయిరీకి వెళితే, కిటికీలో ఎండ పడే చోట ఒక తెల్ల పింగాణీ పళ్ళెం కనిపించింది. అంకుల్ దాని మీద పసుపు రాసి, సగానికి అట్టముక్క కప్పి అక్కడ పెట్టాడట. అట్ట తీసి చూపించాడు. కప్పిన సగం ఇంకా పచ్చగా ఉంది. ఎండ తగిలిన సగం మీద పసుపు రాశారంటే నమ్మలేం. అప్పుడు నన్ను గరాజులోకి తీసుకెళ్ళాడు. కారును రోజూ ఎండలో నిలబెట్టాక బానెట్ మీద కూడా పసుపు పోయింది. గీతలు మిగిలాయి.

“పసుపుకు ఎండ చాలు బిడ్డా. ఈ గీతలకేం మందుంది, చెప్పు?”

కొత్త రంగు వేయించవచ్చు కదా అన్నాను, నేలచూపులు చూస్తూ.

“ఏపిస్తే గీతలు పోతయ్. దాంతోని అసలు రంగు గూడ పోతది. ఉండనీ. చెప్పేదేమన్న ఉంటే చెప్పు, తొందరేం లేదు.”

నేను చెప్పలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. ముందులాగే స్పానర్లు అందుకుంటూ ఉన్నాడు.

అది మా వాళ్ళందరికీ నవ్వుకునే కథ అయిపోయింది. తర్వాత పిన్నితో సహా మావాళ్ళు చాలామంది స్థిరపడ్డ జాన్సన్‌విల్‌లో ఎవరింట భోజనాలున్నా, కారును పాడుచేసిన పిన్ని పసుపు గురించి ఎవరో ఒకరు ఎత్తేవారు. ఎక్కువసార్లు నేనే ఎత్తేవాణ్ణి. అభినయించి మరీ చెప్పేవాణ్ణి. పిన్ని అందరితో పాటు నవ్వేది.

నాకు నలభై దగ్గరపడింది. అంకుల్ కొట్టు వదిలి పామర్‌స్టన్ నార్త్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. మోకాళ్ళు క్లచ్ తొక్కనివ్వడం లేదని, పోయిన వేసవిలో కారును నాకిచ్చాడు. దాంతో పాటు లావుపాటి ఫైలు. ఏ భాగం ఎప్పుడు మార్చాడో అన్నీ ఆయన చేతిరాతలో తెలుగులో ఉన్నాయి. ఉప్పుగాలికి తుప్పు ఎక్కడ మొదలవుతుందో వెతుకుతూ పేజీలు తిప్పుతుంటే ఆ శనివారం నాటి పేజీ వచ్చింది.

‘బానెట్ మీద గీతలు. పసుపు వల్ల కాదు. పిల్లగాడు చెప్తడు.’

దాని కింద సగం పేజీ ఖాళీగా వదిలాడు.

మర్నాడే ఆ కారులో జాన్సన్‌విల్ వెళ్ళాను. పిన్ని ఇంటి ముందు, బానెట్ పక్కన నిలబడి, స్టీలు పీచు దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. పిన్ని వంగి గీతలను వేలితో తడిమింది.

“మూడు కార్లు కొన్నాన్రా ఇక్కడ. ఒక్కదానికీ బొట్టు పెట్టలేదు, మళ్ళీ నా చేత్తో ఏం పాడవుతుందోనని.”

అని లోపలికి వెళ్ళిపోయింది. వెంట వెళ్ళే ధైర్యం లేక నేనక్కడే నిలబడ్డాను. వచ్చేటప్పుడు ఆవిడ చేతిలో పసుపు కలిపిన గిన్నె ఉంది. ముందు తన కారుకు పెట్టింది. తర్వాత సరిగ్గా ఆ గీతల మీద, పాత బొట్టంత బొట్టు పెట్టింది.

“ఈసారి నువ్వు ముట్టుకోకు” అంది. షెవర్లే చుట్టూ తిరిగి వెళ్ళి ముందు సీట్లో కూర్చుని, పోనివ్వమంది.

అంకుల్‌కు ఫోన్ చేసి చెప్పాను. ‘బాగనే టైమ్ తీసుకున్నవ్’ అని, నూనె మార్చావా అని అడిగాడు. ఆ రాత్రి చాలా ఏళ్ళ తర్వాత ఏ బరువూ లేకుండా పడుకున్నాను. ఫైల్లో ఆయన వదిలిన ఖాళీలో జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను.

ఆ బొట్టును కారు బయట ఎండలోనే వదిలేశాను. పది పన్నెండు రోజుల్లో పోయింది. గీతలున్నాయి. పాలిష్ పట్టేటప్పుడు వాటి దగ్గర చేయి మెల్లగా పోనిస్తాను. ఆఫీసులో గానీ ఇంట్లో గానీ ఏదైనా పొరపాటు చేస్తే, ఈనాటికీ నా చేయి ముందు పీచు కోసమే వెతుకుతుంది. అప్పుడు కిటికీలోని ఆ పళ్ళెం గుర్తొస్తుంది. చేయి వెనక్కి తీసుకుని, ఎవరికి చెప్పాలో వాళ్ళ దగ్గరికి వెళతాను.