రోజూ ఏం చేస్తావంటే ఏం చెప్పను?

ఓ ఆస్పత్రిలో రిసెప్షన్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. అది రాకపోతే నాకు పిచ్చెక్కేలా ఉండేది. డిగ్రీ చదివి, గోపాలపట్నంలో రెండు గదుల ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. మా ఆయన పోర్టులో క్రేన్ నడుపుతాడు. మేనబావనే చేసుకున్నాను కాబట్టి ఇప్పటికీ బావా అనే పిలుస్తాను.

ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే అన్నారు. దాంతో మద్దిలపాలెంలో, మందుల షాపు మేడ మీద స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో చేరాను. మొదటి రోజే మాస్టారు, రోజూ ఏం చేస్తావో చెప్పమన్నారు. "ఐ యామ్ వేకింగ్ అప్..." అన్నానో లేదో, చెయ్యి అడ్డం పెట్టేశారు.

"ఇప్పుడు లేస్తున్నావా ఏంటి? నా ఎదురుగా కూర్చునున్నావు కదమ్మా! రోజూ చేసేదానికి ఐ వేక్ అప్ అనాలి. ఐ వేక్ అప్ ఎట్ ఫైవ్ ఎవ్రీడే. బట్టీ పట్టెయ్."

తెలుగులో రోజూ లేస్తున్నానంటే ఎవరూ అడ్డుపడరే! సరే, ఆ తప్పు దిద్దుకున్నాను. కానీ ఆ ఐదు గంటలే నాకు మింగుడుపడలేదు.

"మా ఆయనది షిఫ్ట్ డ్యూటీ మాస్టారూ. వారం వారం మారిపోతాది. ఈ వారం నాలుక్కే లెగుతాను, వచ్చే వారం ఏడైనా లెగను. ఎలాగ సెప్పీమంటారు?"

"అబ్బా, ఇంటర్వ్యూ చేసేవాళ్లేమైనా మీ ఇంటికొచ్చి చూస్తారా? అందరూ ఇదే చెబుతారు!"

ఒళ్లు మండింది. బస్సులో, గిన్నెల దగ్గర, ఒకటే వెతుకులాట. ఏ షిఫ్టు వచ్చినా మారనిది మా ఇంట్లో ఒక్కటైనా లేదా? వంట వేళ మారుతుంది, నిద్ర సంగతి సరేసరి. చివరికి ఒకటి దొరికింది. డ్యూటీ నుంచి ఎప్పుడొచ్చినా బావ బూట్లు విప్పకుండానే గుమ్మంలో కూలబడతాడు. నేనూ పక్కన కూర్చుంటాను. ఇద్దరం టీ తాగుతాం. నేను లేకుండా తను తాగడు, తను రాకుండా నేను తాగను.

ఇంటర్వ్యూలో నాకు ముందు వెళ్లినవాళ్లంతా రోజూ ఐదింటికే లేస్తారట. రోజూ ఏం చేస్తావని నన్నడిగిన మేడంతో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేశాను. "మై హస్బెండ్ వర్క్స్ ఇన్ షిఫ్ట్స్. మై టైమింగ్స్ చేంజ్ ఎవ్రీ వీక్. బట్ ఎవ్రీడే వి డ్రింక్ టీ టుగెదర్."

ఆవిడ నవ్వి తెలుగులోకి దిగిపోయింది. "అయితే షిఫ్టులు నీకు అలవాటేనన్నమాట. మాకు అలాంటివాళ్లే కావాలి. సోమవారం నుంచి వచ్చెయ్."

బావ రాగానే గ్లాసు చేతికిచ్చి చెప్పాను.

"సూసావా, ఉజ్జోగం నీదేనని నాననలేదేటి!" అని సంబరపడిపోయాడు. తర్వాత నా షిఫ్టులు అడిగాడు. వేళ్ల మీద లెక్కేశాడు, మళ్లీ మొదట్నుంచీ వేశాడు.

"ఏటి బావా?"

"ఏటీ లేదే. ఏ వారం సూసినా నానొచ్చేటప్పటికి నువ్వుండవు. నువ్వొచ్చేటప్పటికి నానుండను." టీ ఊదుకున్నాడు. "ఓ ఫ్లాస్కు కొందాంలే."

కొన్నాం. ముందొచ్చినవాళ్లు టీ పెట్టి, సగం తాగి, సగం అందులో ఉంచుతాం. వేడిగానే ఉంటుంది గానీ, ఒక్కదాన్నే తాగాలంటే బుద్ధి పుట్టదు.