రంగు మారని పొట్లాలు

జనక్‌పురిలో నేను డాక్టరుగా చేరిన పళ్ల ఆసుపత్రి వరండాలో ఒక బోర్డు ఉండేది. 'మీ పరికరాల పొట్లాన్ని మీ కళ్లముందే విప్పుతాం' అని హిందీలో, ఇంగ్లీషులో. యజమాని డాక్టరే రాయించాడు. వచ్చినవాళ్లు దాని కింద కూర్చుని ఫోన్లు చూసుకునేవాళ్లు. నేను దాన్ని నిజమనుకున్నాను. గొడవంతా అక్కడే వచ్చింది.

కడిగిన పరికరాలను కాగితం పొట్లాల్లో పెట్టి ఆవిరి యంత్రంలోకి ఎక్కిస్తాం. పొట్లం మీద చిన్న గులాబీ గుర్తు ఉంటుంది. వేడి సరిపడినంతసేపు తగిలితే అది గోధుమ రంగుకు మారుతుంది. మారకపోతే లోపలి సామాను నోట్లో పెట్టడానికి పనికిరాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం వరండా నిండిపోయింది. లక్ష్మీ నగర్‌లో సివిల్స్‌కి చదువుకునే కుర్రాడొకడు, తెలుగు డాక్టరున్నారని ఎవరో చెబితే, ఊరు ఆ చివర్నుంచి ఈ చివరికి మెట్రోలో వచ్చాడు. దవడ పన్ను పుచ్చిపోయింది, తీసేయాలి. అందరూ దీదీ అని పిలిచే మా ఆయా పళ్లెం తెచ్చి పెట్టింది. పొట్లాలన్నీ గులాబీ రంగులోనే ఉన్నాయి.

"ఇదేంటి దీదీ?"

"సర్ మధ్యలోనే తీసేయమన్నారు. రష్ ఉంది కదా," అంది నేల చూస్తూ.

ఆ మాట విని యజమాని లోపలికి వచ్చాడు. "అచ్ఛా డాక్టర్, మందునీళ్లలో ముంచి తీయండి, చాలు. పేషెంట్‌కి ఏం తెలుస్తుంది?" అన్నాడు హిందీలో.

నాకు ఒళ్లు మండింది. భయమూ వేసింది. ఏడాదిపాటు తిరిగితే దొరికిన ఉద్యోగం అది. అయినా ఆ కుర్రాడి వైపు తిరిగి తెలుగులో ఉన్నదున్నట్టు చెప్పాను. సామాను శుభ్రంగా లేదు, మళ్లీ యంత్రంలో పెట్టాలి, ముప్పావుగంట పడుతుంది.

వాడు చెంప పట్టుకుని, "నొప్పి సంపుతున్నది మేడమ్. గవన్నీ నాకెందుకు, పీకేయుండ్రి," అన్నాడు.

ఇదొకటి. ఎవరి కోసం పోట్లాడుతున్నానో వాడే వద్దంటున్నాడు. "నీకు వద్దేమో తమ్ముడూ, నాకు కావాలి. ఈ చేతులు నావి," అన్నాను. కొత్త సిరంజి విప్పి మత్తు ఇంజెక్షన్ ఇచ్చాను. అది వాడి పారేసేదే, దానికి యంత్రంతో పనిలేదు. కాసేపటికి వాడి ముఖం తేటపడింది.

"ఏం చెప్పావు వాడికి?" అన్నాడు యజమాని.

"అందరికీ చెబుతాను, మీరూ వినండి," అని వరండాలోకి వెళ్లి, బోర్డు కింద నిలబడి, నాకొచ్చిన వంకర హిందీలో చెప్పాను. పరికరాలు శుభ్రం కాలేదు, ఆలస్యమవుతుంది, తొందరున్నవాళ్లు వెళ్లొచ్చు. ఇద్దరు గొణుక్కుంటూ లేచారు. మిగతావాళ్లు కూర్చున్నారు.

దీదీ నన్ను అడగలేదు, ఆయన్నీ అడగలేదు. పొట్లాలన్నీ యంత్రంలో పెట్టి తలుపు బిగించింది. ముప్పావుగంట తర్వాత రంగు మారిన పొట్లాన్ని ఆ కుర్రాడికి చూపించి విప్పాను. పన్ను రెండు నిమిషాల్లో వచ్చేసింది.

వరండా ఖాళీ అయ్యాక యజమాని, "రేపట్నుంచి రావద్దు," అన్నాడు.

"రేపు తొమ్మిది నుంచి ఐదుగురికి టైమిచ్చాను సర్. ఎందుకు చూడటం లేదని వాళ్లు అడుగుతారు. గేటు దగ్గర నిలబడి నేనే చెబుతాను, మీకు శ్రమ ఎందుకు," అన్నాను.

మర్నాడు తొమ్మిదికి పది నిమిషాల ముందే వెళ్లాను. కోటు వేసుకుని, మొదటి విడత పొట్లాలు నేనే యంత్రంలో పెట్టి ఆన్ చేశాను. ఆయన వచ్చి, గుమ్మంలోంచి యంత్రం వైపు చూసి, నన్ను పొమ్మనకుండానే తన గదిలోకి వెళ్లిపోయాడు. నేను నమస్తే చెప్పలేదు.